సూరత్ సూర్యుడు, కోల్‌కతా గడియారం

చాన్నాళ్లు సొరుగులో పడున్న పాత ఫోనుని ఛార్జింగుకి పెట్టి ఆన్ చేశారనుకోండి. ఒక్కోసారి తేదీ దగ్గర 1970 జనవరి 1 అని వస్తుంది. మీరు నవ్వుకుని సరిచేసేసి ఉంటారు. పక్కనున్న టైము చూశారా? ఉదయం 5:30 అని ఉంటుంది. సున్నా దగ్గర లేవాల్సిన యంత్రం అయిదున్నరకి లేచిందేమిటని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? రాకపోతే ఇప్పుడు తెచ్చుకోండి, కాసేపు కబుర్లాడుకుందాం.

కంప్యూటరు కడుపులో తేదీలూ ఉండవు, గంటలూ ఉండవు. ఒకే ఒక్క అంకె ఉంటుంది. గ్రీనిచ్ లెక్కలో 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి ఇప్పటికి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే ఆ అంకె. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టిన ఆచారం ఇది, తరవాత చాలామంది పాటించారు. బ్యాటరీ చచ్చిపోయి లెక్క మరిచిపోయిన ఫోనులో ఆ అంకె సున్నాకి పోతుంది. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారుజామున అయిదున్నర. తమాషా ఏమిటంటే, ఆ క్షణాన లండన్ గోడగడియారాలు పన్నెండు చూపించలేదు, ఒంటిగంట చూపించాయి. 1968 అక్టోబరు నుంచి 1971 అక్టోబరు దాకా బ్రిటన్ ఏడాది పొడుగునా గంట ముందుకి జరుపుకుని కూర్చుంది. గ్రీనిచ్ టైము గ్రీనిచ్‌లోనే చెల్లని రోజుల్లోని ఒక క్షణాన్ని ప్రపంచంలోని ఇన్ని కంప్యూటర్లు తమ పుట్టినరోజుగా రాసుకున్నాయన్నమాట!

ఆ సున్నాకి మన ఫోను అయిదున్నర గంటలు కలిపి చూపిస్తోంది. ఈ కలిపే అంకెని ఆఫ్‌సెట్ అంటారు. ఎంత కలపాలో దానికెవరు చెప్పారు, ఏ పేరుతో చెప్పారు? ఇవాళ్టి ముచ్చట అదే.

సూరత్‌లో ఉండే తెలుగువాళ్లకి ఆ అయిదున్నరతో ఓ చిన్న పేచీ ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి సాంచాల మీద పని వెతుక్కుంటూ తరాల కిందట వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడ బోలెడు. ఊరి కార్పొరేషన్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది, అంతమందిమి ఉన్నాం. కొత్తగా వచ్చినవాళ్లు మొదట గమనించేది ఇక్కడి పొద్దు. జనవరిలో కాకినాడలో ఆరున్నరకే సూర్యుడు కనిపిస్తే, సూరత్‌లో ఏడుంబావు దాటాలి. సాయంత్రం మాత్రం పొద్దు ఎక్కువసేపు మిగులుతుంది.

కారణం సులువే. మన దేశపు టైము 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశానిది. ఆ గీత ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ వస్తే, మన వైపు తుని పరిసరాల్లో, కాకినాడకి కాస్త తూర్పుగా సముద్రంలోకి దిగుతుంది. అంటే ఆ చుట్టుపక్కల గోదారోళ్లకి గడియారమూ సూర్యుడూ దాదాపు ఒకే మాట చెబుతాయి. సూరత్ 72 డిగ్రీల 50 నిమిషాల దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేసుకోండి, సూర్యుడు ముప్పై తొమ్మిది నిమిషాలు ఆలస్యం. సిరిసిల్ల నుంచి వచ్చిన మనిషికైతే ఇరవై నాలుగు నిమిషాల తేడా.

దీంతో ఎవరికీ కొంప మునగదు, రాహుకాలానికి తప్ప. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని క్యాలెండరులో చదివి, ఏడుంబావుకల్లా గుమ్మం దాటేసేవాళ్లు మా చుట్టూ చాలామంది. అయ్యా, రాహుకాలమంటే పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒకటి. పగలు మొదలయ్యేది సూర్యోదయంతో గానీ గడియారంతో కాదు. ఆరింటికి సూర్యుడొచ్చే ఊరికి వేసిన పట్టీ అది. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో చూసినా సూరత్‌లో సోమవారం రాహుకాలం దాదాపు ఎనిమిదింటికి గానీ మొదలవదు. మీరు తప్పించుకున్నాననుకున్నది ఇంకా రానేలేదు! నాకు రాహువు మీద ప్రత్యేకమైన పట్టింపేమీ లేదు కానీ, పాటించేటప్పుడు లెక్క సరిగ్గా పాటించాలి కదా.

ఇక ఫోనులోకి వద్దాం. సెట్టింగుల్లో టైము జోన్ అని ఉన్నచోట సూరత్ కోసం వెతకండి. దొరకదు. అహ్మదాబాదూ దొరకదు, హైదరాబాదూ దొరకదు, రాజధాని ఢిల్లీ కూడా అసలు జాబితాలో లేదు. కొన్ని ఫోన్లు మన సౌకర్యం కోసం ఊళ్ల పేర్లు చూపిస్తాయి గానీ, లోపల రాసుకునేది ఒకటే మాట: ఏషియా/కోల్‌కతా.

ఈ పేర్లన్నీ ఒక పట్టికలోవి. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ మొదలుపెట్టాడు. ఆయనది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో ఉద్యోగం, టైములు సేకరించడం వ్యాపకం. ఆ తరవాత లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ మనిషి పాల్ ఎగర్ట్ భుజాన వేసుకున్నాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోదగ్గ మామూలు టెక్స్ట్ ఫైళ్లు అవి. ఆండ్రాయిడ్, ఐఫోన్, లినక్స్ సర్వర్లు అన్నీ వాటి మీదే బతుకుతున్నాయి.

పేరు పెట్టడానికి వాళ్లకో పద్ధతుంది, నాకది నచ్చుతుంది కూడా. దేశం పేరు పెట్టరు, ఎందుకంటే దేశాలు విడిపోతాయి, పేర్లు మార్చుకుంటాయి. ఊళ్లు కాస్త నిలకడైనవి. ఆ ఊళ్లలోనూ రాజధానిని కాదు, జనం ఎక్కువున్నదాన్ని చూస్తారు. అందుకే చైనాకి బీజింగ్ కాకుండా షాంఘై దక్కింది. మనకి కలకత్తా దక్కింది. 2001లో ఊరు అధికారికంగా కోల్‌కతా అయితే, పట్టికలో పేరు మారడానికి 2008 దాకా పట్టింది. పాత పేరుని తీసెయ్యలేదు, కొత్తదానికి ముడేసి ఉంచారు, లేకపోతే పాత ప్రోగ్రాములు కూలబడతాయి. ఆ ముడి పుణ్యాన ఆ తరవాత ఏళ్ల తరబడి క్రోమ్ బ్రౌజరు, మీది ఏ జోనని అడిగితే ఏషియా/కలకట్టా అనే చెబుతూ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ కోల్‌కతా అనేది. ఒకే మనిషి, ఒకే కుర్చీ, రెండు ఊళ్ల పేర్లు.

మరి సూరత్‌కి సొంత జోన్ ఎందుకు లేదు? 1970 నుంచి ఇప్పటిదాకా గడియారాలు ఒకే తీరుగా నడిచిన ఊళ్లన్నిటినీ కలిపి ఒక్క జోన్ చెయ్యాలన్నది వాళ్ల నియమం. 1970 తరవాత సూరత్ ఏనాడూ కోల్‌కతాతో విభేదించలేదు. కనక పేరు లేదు. న్యాయమే. కానీ అంతకుముందు సంగతి వేరు, ఆ కథ ఆ ఫైల్లోనే సగం ఉంది, సగం పోయింది.

ఆ ఏషియా/కోల్‌కతా అన్న పేరు కింద ఏముందో తెలుసా? మొదటి వరసలో కలకత్తా సొంత సూర్యుడి టైము: గ్రీనిచ్ కంటే 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు ముందు. 1854 జూన్ 28 దగ్గర అది ఆగిపోయి హౌరా టైము మొదలవుతుంది, 5:53:20. నది దాటితే ఎనిమిది సెకన్లు తరుగు! 1870 రాగానే మూడో వరస, చూసి నాకైతే ఒళ్లు పులకరించింది: మద్రాసు టైము, 5:21:10. రైళ్ల కోసం వచ్చిందది. మద్రాసు అబ్జర్వేటరీ టెలిగ్రాఫ్ తీగల మీద టైము పంపేది, బొంబాయికీ కలకత్తాకీ నడుమనున్న టైము కనక రైల్వేలన్నీ దాన్నే పట్టుకున్నాయి. ఆ నుంగంబాకం వేధశాల గడియారమే బెజవాడ స్టేషనుకీ సూరత్ స్టేషనుకీ టైము చెప్పేది. 1906 జనవరి 1 నుంచి నాలుగో వరస, ఇప్పటి అయిదున్నర.

మద్రాసువాళ్లకి ఆ మార్పు తొమ్మిది నిమిషాల పని. తెలుగు జిల్లాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేరు. బొంబాయివాళ్లకి మాత్రం ముప్పై తొమ్మిది నిమిషాలు. వాళ్లది 4:51, సూరత్ కూడా దాదాపు అదే రేఖాంశం మీదుంది గనక ఇక్కడి సూర్యుడి లెక్కా అంతే, సెకన్లలో తేడా. బొంబాయిలో అప్పటికే ఒకసారి గొడవైంది: 1881లో గవర్నరు జేమ్స్ ఫెర్గూసన్ ఆఫీసుల్లో మద్రాసు టైము పెట్టమంటే ఊరు ఎదురు తిరిగింది, రెండేళ్లకి ఆయనే వెనక్కి తగ్గాడు. 1906లో ఈసారి వంతు మిల్లు కార్మికులది. గడియారం ముందుకి జరిపితే చీకట్లోనే మిల్లుకి పోవాలి, పొద్దు పొడవకముందే మగ్గం ముందు నిలబడాలి అని జనవరిలోనే పని ఆపి బయటికొచ్చారు. మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసే సూరత్ మనిషికి ఆ కోపం చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. బొంబాయి కార్పొరేషను కూడా బెట్టుచేసింది. బొంబాయి టైము అనేది ఒక పక్కన 1955 దాకా నడుస్తూనే ఉంది.

ఈ కథంతా మీ ఫోనులో లేదు. 1930లో బొంబాయి మునిసిపాలిటీ మీటింగు ఎన్నింటికి జరిగిందో లెక్కగట్టమంటే అది నిశ్చింతగా అయిదున్నర కలిపేస్తుంది. 1970కి ముందు సంగతులు ఏ ఊరి పేరుందో ఆ ఊరివి మాత్రమే, వాటినీ పూర్తిగా నమ్మొద్దు అని ఆ పట్టిక రాసినవాళ్లే చెప్పుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. కానీ సూరత్ బామ్మగారి పుట్టినటైముకి కోల్‌కతా చరిత్ర అంటగట్టడం చూస్తే మాత్రం కాస్త చివుక్కుమంటుంది.

పుట్టినటైము అన్నాను కదా, జాతకాల దగ్గరికి వచ్చేశాం. ఆ ఫైల్లో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు 15 దాకా మన గడియారం ఆరున్నర. యుద్ధకాలం, దేశమంతా గంట ముందుకి జరిపారు. ఆ మూడేళ్లలో పుట్టినవాళ్ల జాతకం వేసేటప్పుడు తెలిసిన సిద్ధాంతులు గంట తీసేసి లగ్నం కడతారు. తెలియనివాళ్లు కట్టిన జాతకంలో లగ్నమే మారిపోవచ్చు. దానికి ముందు 1941 అక్టోబరు నుంచి 1942 మే మధ్య దాకా కూడా ఫైలు ఆరున్నర అంటుంది. అది కలకత్తా లెక్క. ఆ నెలల్లో గుంటూరులో పుట్టిన తాతగారి వివరాలు కంప్యూటరు జాతకంలో వేస్తే, ఆయనకి సంబంధంలేని గంట ఒకటి వచ్చి చేరుతుంది.

జాతకాలకీ ఈ పట్టికకీ చుట్టరికం నేను కలిపింది కాదు. ఈ పట్టికని ఒకసారి కోర్టుకీడ్చింది జ్యోతిషం సాఫ్ట్‌వేర్ కంపెనీయే. 2011 సెప్టెంబరు 30న అమెరికాలో ఆస్ట్రోలేబ్ అనే సంస్థ ఓల్సన్ మీదా ఎగర్ట్ మీదా దావా వేసింది. ఏ ఊళ్లో ఎప్పుడు గడియారం మార్చారన్న పాత వివరాలు జ్యోతిష్కుల కోసం అచ్చేసిన అట్లాసుల్లో ఉండేవి, వాటి హక్కులు మావి అన్నది వాళ్ల వాదన. వారం తిరక్కుండా ఓల్సన్ సర్వరు మూతపడింది. అంత పెద్ద ప్రపంచానికి టైము చెప్పే ఫైలు ఇద్దరు మనుషుల సొంత ఓపిక మీద నడుస్తోందని అప్పుడు గానీ చాలామందికి తెలిసిరాలేదు. ఇంటర్నెట్ పేర్లూ అంకెలూ చూసే ఐకాన్ సంస్థ ఆ అక్టోబరులోనే దాన్ని తన నీడలోకి తీసుకుంది. 2012 ఫిబ్రవరిలో కంపెనీ దావా ఉపసంహరించుకుంది. గడియారం ఫలానా రోజు మార్చారన్నది జరిగిన సంగతి, జరిగిన సంగతికి కాపీరైటు ఉండదు అని చివరికి ఒప్పుకుంది.

ఇంత తతంగం ఎందుకు, +05:30 అని అంకె రాసుకుంటే సరిపోదా? కంప్యూటరు కుర్రాళ్లు చాలామంది అలాగే అనుకుంటారు. మనకి పక్కనే ఉన్న శ్రీలంకని చూడండి. ఇవాళ కొలంబోదీ అయిదున్నరే. 1996 మేలో దాన్ని ఆరున్నర చేశారు, ఆ అక్టోబరులోనే ఆరు చేశారు, 2006 ఏప్రిల్లో మళ్లీ అయిదున్నరకి తెచ్చారు. నేపాల్ 1986 దాకా మనతోనే అయిదున్నరలో ఉండి, ఆ తరవాత పావుగంట ముందుకి జరిగి అయిదుంముప్పావు అయింది. కోల్‌కతా, కొలంబో, కాఠ్మండు వేరువేరు పేర్లుగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందిగా? +05:30 అన్నది ఆ ఒక్క క్షణానికి వచ్చిన జవాబు. రేపు ఎంతవుతుందో, నిన్న ఎంతో అది చెప్పదు. పేరు చెబుతుంది. పంచాంగం లాంటిదా పట్టిక, ఏ ఊరికి ఏ రోజు ఏ లెక్కో గతమూ భవిష్యత్తూ కట్టి ఉంచుతుంది, ప్రభుత్వాలు మాట మార్చినప్పుడల్లా కొత్త కూర్పు వస్తుంది.

అంకె రాసుకోవడంలోనైనా అందరూ ఒక్కమాట మీదున్నారా అంటే అదీ లేదు. తూర్పుకి ప్లస్, పడమరకి మైనస్ అని మీరూ నేనూ అనుకుంటాం. యూనిక్స్ పాత పద్ధతిలో మన టైముని ఐఎస్‌టీ-5:30 అని మైనస్ పెట్టి రాయాలి. ఎందుకంటే దాన్ని కట్టింది న్యూజెర్సీలో. స్థానిక టైముకి ఎంత కలిపితే గ్రీనిచ్ వస్తుందో అది రాసుకున్నారు. వాళ్లది ప్లస్ అయిదు అయింది, మైనస్ రాసే శ్రమ వాళ్లకి తప్పింది, మనకి అంటుకుంది. జావాస్క్రిప్ట్‌ని మీ ఆఫ్‌సెట్ ఎంతని సూరత్‌లో కూర్చుని అడిగితే మైనస్ 330 అంటుంది, అదీ నిమిషాల్లో. ఆ పట్టికలోనే ఈటీసీ/జీఎంటీ-5 అని కొన్ని పేర్లున్నాయి, అవి నిజానికి గ్రీనిచ్ కంటే అయిదు గంటలు ముందున్న టైములు. వాటిలో అరగంటలే లేవు, కనక మనకక్కడ చోటే లేదు. ఈమెయిళ్లకి 1982లో రాసిన నియమావళిలో అమెరికా జోన్ల పేర్లు పెట్టి, సైన్యం వాడే అక్షరాల జోన్లు కూడా చేర్చారు. చేర్చేటప్పుడు వాటి గుర్తులన్నీ తిరగేశారు! తప్పయిందని 1989లో మరో పత్రంలో ఒప్పుకున్నారు. అన్నిటికంటే నాకు ముద్దొచ్చేది మైనస్ సున్నా. ఇంటర్నెట్ తేదీల నియమంలో -00:00 అని రాస్తే, ప్రపంచ టైము ఇదే గానీ పంపినవాడు ఎక్కడున్నాడో మాకు తెలియదు అని అర్థం.

ఇప్పుడు వజ్రాల బజారుకి వెళ్దాం, అసలు తిరకాసు అక్కడుంది. మహీధర్‌పురా వీధుల్లో నిలబడి కాగితం పొట్లాల్లో వజ్రాలు చేతులు మారడం చూసినవాళ్లకి ఇది కొత్త వ్యాపారంలా అనిపించదు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు సూరత్ రేవులో దిగి మన గోల్కొండ గనుల దాకా పోయింది వీటి కోసమే. ఇప్పుడు గనులు వేరేచోట, సాన సూరత్‌లో. 2023 డిసెంబరు 17న ప్రధాని ప్రారంభించిన వజ్రాల బూర్స్ తొమ్మిది టవర్లతో ఊరి చివర ఖజోద్ దగ్గర లేచింది. ఇక్కడి వ్యాపారి రోజూ ఫోను చేసే ఊళ్లు ఆంట్‌వెర్ప్, న్యూయార్క్, హాంకాంగ్, దుబాయ్, ఇజ్రాయెల్‌లో రమత్‌గాన్.

రమత్‌గాన్ పార్టీకి సాయంత్రం నాలుగింటికి ఐఎస్‌టీ అని రాసి పంపారనుకోండి. మీ దృష్టిలో అది ఇండియా స్టాండర్డ్ టైము. ఆయన దృష్టిలో ఇజ్రాయెల్ స్టాండర్డ్ టైము. ఆయన నాలుగు మీ రాత్రి ఏడున్నర. కంప్యూటర్లూ ఈ తగువులో చెరో పక్కన చేరాయి. జావా పాత మూడక్షరాల పేర్లలో ఐఎస్‌టీ అంటే మనదే. పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకి మామూలుగా ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్, ఇండియా కావాలంటే సెట్టింగు మార్చుకోవాలి. ఒకే ఆర్డరు జావాలో ఒక టైము, డేటాబేసులో ఇంకో టైము! ఇది చాలదన్నట్టు ఐర్లాండూ ఉంది. వాళ్ల ఐఎస్‌టీ వేసవి టైము, అదే తమ అసలు టైమని చట్టంలో రాసుకుని, చలికాలాన్ని గంట వెనక్కి జరిపిన కాలంగా లెక్కేస్తారు. ఇక విండోస్ వాడితే జోన్ పేరు ఇండియా స్టాండర్డ్ టైమనీ, పక్కన చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అనీ కనిపిస్తాయి. అది వేరే సంసారం. దాన్ని మిగతా ప్రపంచంతో కలపడానికి ఇంకో పట్టిక.

మార్చి నెల మరీ చిక్కు. అమెరికా 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి తిప్పుతోంది. యూరప్ చివరి ఆదివారం దాకా ఆగుతుంది. ఇజ్రాయెల్ దానికి ముందు శుక్రవారం. మనమూ దుబాయ్, హాంకాంగ్ అసలు తిప్పం. ఆ రెండు మూడు వారాలు సూరత్‌కీ న్యూయార్క్‌కీ తేడా పదిన్నర నుంచి తొమ్మిదిన్నరకి తగ్గిపోతుంది గానీ, ఆంట్‌వెర్ప్‌తో నాలుగున్నర నాలుగున్నరగానే ఉంటుంది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో వీడియో కాల్ టైము ఆ రోజుల్లో ఎందుకు తప్పుతుందో మీకు నేను చెప్పాలా?

అందుకే నేనొకటే చేస్తాను. జరిగిపోయినదైతే గ్రీనిచ్ లెక్కలో రాసి పక్కన పెడతాను. జరగబోయేదైతే అంకె జోలికి పోను, ఊరి పేరుతో రాస్తాను, ఆంట్‌వెర్ప్ పనైతే యూరప్/బ్రసెల్స్ అని. గంట ముందుకి వెనక్కి తిప్పడం ఇక మానేద్దామని యూరప్ పార్లమెంటు 2019 మార్చిలో ఓటేసింది, 2021కల్లా ఆపాలంది. సభ్య దేశాలు ఒప్పుకోలేదు, అది అలాగే వేలాడుతోంది. రేపెప్పుడైనా ఒప్పుకుంటే ఎగర్ట్ బృందం ఆ ఫైల్లో ఓ వరస చేరుస్తుంది, ఫోన్లు ఆ కొత్త కూర్పు దింపుకుంటాయి. ఊరి పేరుతో రాసుకున్న అపాయింట్‌మెంటు తనంతట తానే సరైన గంటకి జరుగుతుంది. వేసవి పనికి +02:00 అని రాసుకున్నాయన మాత్రం ఆంట్‌వెర్ప్ ఆఫీసుకి ఇంకా తాళం తియ్యకముందే ఫోను మోగిస్తూ కూర్చోవచ్చు.